వైఫై మందగిస్తే లోపం ఎక్కడ వెతకాలి?

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు కృష్ణా జిల్లా మెట్టగా పేరుపడినవి. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నాయి. ఈ గ్రామాలలో సంఘం కంప్యూటరు కార్యదర్శి ఇంటి వైఫై మీద నడిచే చోట, అది మందగిస్తే పూట లెక్క ఆలస్యమవుతుంది. లెక్క ఆలస్యమైతే పాలు పోసిన వారి సొమ్ము కూడా ఆలస్యమవుతుంది. అందుచేత ఈసారి పాఠంగా ఈ విషయం తీసుకున్నాము.

ముందు లోపం బయటి లైనులో ఉన్నదా, ఇంటి లోపల ఉన్నదా తేల్చుకోవాలి. వెన్న శాతం తగ్గితే ఏ క్యానులో తగ్గిందో చూస్తాము గదా! అలాగే మిగతా ఫోన్లన్నీ ఆపి, కంప్యూటరును రూటరుకు తీగతో కలిపి వేగం కొలవండి. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 40 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైటు కనుక, అది 5 మెగాబైట్లే అవుతుంది. ఈ తేడా తెలియక వేగం తగ్గిందని భ్రమపడరాదు.

తీగ మీద కూడా వేగం రాకపోతే తప్పు వైఫైది కాదు. రూటరును ఆపి, నిమిషం తరువాత వేయండి. ఎల్.ఓ.ఎస్. అనే ఎర్ర దీపం వెలిగితే ఫైబరు లైను చెడినట్లే; లైను ఇచ్చిన వారికి తెలపండి. ఫైబరును మడిచి మేకుకు కట్టరాదు. అందులోనిది గాజుపోగు, మడత దగ్గర వెలుగు బయటికి పోతుంది.

తీగ మీద వేగం ఉండి, ఫోనులో లేకపోతే రూటరు ఉన్న చోటు చూడండి. మందపు రాతిగోడ, స్లాబు, నీళ్ల తొట్టి అలలను బలహీనపరుస్తాయి. ఇనుప బీరువా, పాల క్యాన్ల వరుస అడ్డుకుంటాయి. రూటరును ఇంటి నడుమ, ఎత్తున పెట్టండి.

2.4 గిగాహెర్ట్జ్ అల దూరం పోతుంది గాని, వేగం తక్కువ, ఇరుగుపొరుగు రూటర్ల రద్దీ ఎక్కువ. అందులో 1, 6, 11 ఛానళ్లు ఒకదానిపై ఒకటి పడవు. రద్దీ తక్కువగా ఉన్నది ఎంచుకోండి. 5 గిగాహెర్ట్జ్ వేగమైనది, కాని గోడలు దాటేసరికి ఎక్కువగా బలహీనపడుతుంది. రూటరు ఉన్న గదిలో 5, దూరపు గదిలో 2.4 వాడండి. తెలియనివారు కలుస్తున్నట్లు తోస్తే పాస్‌వర్డు మార్చండి.

సంఘం కంప్యూటరుకు మాత్రం తీగే మేలు. మామూలు నెట్‌వర్కు తీగ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. కొత్త రూటరు కొనే ముందు ఈ పరీక్షలన్నీ చేయండి. సంఘం సొమ్ము వృథా కాదు.

లైను పూర్తిగా ఆగిన పూట కొలతను, వెన్న శాతాన్ని పుస్తకంలో రాసి, సభ్యునికి చీటీ ఇవ్వండి. వైఫై మందగించినా, సభ్యుని నమ్మకం సడలరాదు.