అగ్గిపెట్టెలో చీర, సాంచె మీద గుడ్డ: వాణిజ్యం చదివే మనవడికి



సరుకు తయారుచేసే ప్రతి సంస్థా లాభం కోసమే తయారుచేస్తుంది. కానీ ఆ లాభం ఆ సరుకులోంచే రావాలన్న నియమం లేదు. కొన్ని సరుకులు అమ్ముడుపోయి డబ్బు తెస్తాయి. కొన్ని నష్టానికి పోయినా, అసలు అమ్ముడే పోకపోయినా పేరు తెస్తాయి. ఆ పేరు మీద వేరే సరుకు అమ్ముడవుతుంది. ఈ రెండు రకాలూ ఒకే వృత్తిలో, ఒకే ఊళ్లో పక్కపక్కన కనిపించే చోటు తెలంగాణలోని నేత ఊరు సిరిసిల్ల.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. అక్కడి వేల సాంచెల మీద ప్రధానంగా పాలిస్టర్ గుడ్డ, లంగాల గుడ్డ తయారవుతాయి. సేఠ్ అనే వ్యాపారి నూలు ఇస్తాడు, సాంచెల యజమాని అయిన ఆసామి వాటి మీద నేయిస్తాడు, కార్మికుడికి మీటర్ల లెక్కన కూలి అందుతుంది. రంగు, అద్దకం చాలావరకు వేరే ఊళ్లలో జరుగుతాయి. దుకాణానికి చేరేసరికి ఆ గుడ్డ మీద సిరిసిల్ల పేరు ఉండదు. ఇది నేరుగా లాభం కోసం చేసే సరుకు. మీటరుకు మిగిలేది పైసల్లోనే కాబట్టి ఎక్కువ మీటర్లు నేయడమే బతుకుదెరువు. నూలు ధర కాస్త పెరిగినా సాంచె ఆగిపోతుంది.

అదే ఊళ్లో నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు. కొడుకు విజయ్ ఆ విద్యను కొనసాగించారు. మరో నేతకారుడు యెల్ది హరిప్రసాద్ జీ20 చిహ్నాన్ని బట్టలో నేసి ప్రధానికి పంపగా, 2022 నవంబరులో ‘మన్ కీ బాత్’లో ఆ ప్రస్తావన వచ్చింది. ఇలాంటి నేతకు పట్టే రోజులను కూలి లెక్కన చూస్తే ఏ ధరా సరిపోదు. అగ్గిపెట్టెలోని చీర రోజూ కట్టుకోవడానికి పుట్టింది కాదు. నేతగాడి చేతిలో ఎంత పనితనం ఉందో లోకానికి చూపడానికి పుట్టింది.

పెద్ద కంపెనీలూ ఈ పని తెలిసే చేస్తాయి. ఫోక్స్‌వాగన్ సంస్థ 2005లో 1001 హార్స్‌పవర్ల బుగాటీ వేరాన్ కారు తెచ్చింది. ఒక్కో కారు మీద కంపెనీకి భారీ నష్టమే వచ్చిందని మార్కెట్ విశ్లేషకులు లెక్కగట్టారు. అయినా ఆ కారు చాటిన ఇంజనీరింగ్ పేరు అదే సంస్థకు చెందిన మిగతా కార్లకూ అంటింది. జమాఖర్చుల్లో ఇది సరిగా కనిపించదు. మన అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం సంస్థ తనంతట తాను పెంచుకున్న బ్రాండును ఆస్తిగా చూపకూడదు. అందువల్ల పేరు కోసం పెట్టిన ఖర్చు ఆ ఏటి నష్టంగా పుస్తకంలోకి ఎక్కుతుంది, వచ్చిన పేరు మాత్రం ఎక్కడా ఎక్కదు. ఒక్క ఏడాది లెక్క చూసి ఫలానా సరుకు దండగ అని తీర్పు చెప్పే విద్యార్థి పొరపడేది ఇక్కడే.

సిరిసిల్ల చిక్కు వేరు. అక్కడ పేరు తెచ్చిన చేయి ఒకటి, అమ్ముడయ్యే గుడ్డ మరొకటి. అగ్గిపెట్టె చీర గురించి విని ముచ్చటపడిన మనిషి దుకాణానికి వెళ్లి ‘సిరిసిల్లది’ అని అడిగి కొనడానికి సరుకు లేదు. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం ఏటా దాదాపు కోటి బతుకమ్మ చీరలు పంచింది. వాటిలో అధికభాగం నేసిన సాంచెలకు పని దొరికింది, కార్మికుడి ఇంట్లో పొయ్యి వెలిగింది. అది చాలా గొప్ప మేలే. కానీ ఉచితంగా పంచే చీరకు కొనుగోలుదారు ప్రభుత్వం ఒక్కటే. ఆర్డరు ఆగిన రోజు సాంచెకు మరో గిరాకీ ఉండదు. 2022లో న్యూజిలాండ్‌లో ఆవిష్కరించిన ‘రాజన్న సిరిపట్టు’ ఈ లోటు తీర్చబోయిన ప్రయత్నం. పనితనానికీ అమ్మకానికీ నడుమ అందులో ఒక పేరు నిలబడింది.

బీడీలు చుట్టే కోరుట్లలో పేరూ పనీ మరింత దూరం. అక్కడి ఆడవాళ్లు తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకుంటారు. కట్ట మీద లేబుల్ వేరొకరిది. బీడీ మంచి చెడ్డలు వాళ్ల వేళ్ల మీద ఆధారపడినా, బ్రాండు విలువలో వాళ్లకు వాటా లేదు. ఇది అన్యాయమని చెప్పడానికి వెనకాడనక్కరలేదు. అయితే అలాంటి బ్రాండును చాటే పొగాకు ప్రకటనలను 2003 చట్టం నిషేధించింది. అంతకుముందే, 2000లో, కేబుల్ టీవీ నిబంధనలు మద్యం ప్రకటనలకూ తలుపు మూశాయి. అప్పుడు మద్యం కంపెనీలు అవే పేర్లతో సోడా, మంచినీళ్ల సీసాలు, పాటల సీడీలు తెచ్చాయి. కేవలం పేరు వినిపించడం కోసమే సరుకు పుట్టించడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. సీడీ అమ్ముడైందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు.

జగిత్యాల ఇందుకు ఎదురు కొస. పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన జేజీఎల్ 1798 వరి రకానికి ‘జగిత్యాల సన్నాలు’ అని పేరు. శాస్త్రవేత్తలు దాన్ని లాభానికీ చేయలేదు, బ్రాండుకూ చేయలేదు. రైతు పొలానికి చేశారు. అయినా ఊరి పేరు విత్తనంతో పాటు ఊళ్లు దాటింది. అదే వడ్లు బియ్యమై సంచిలో పడ్డాక పైన కనిపించేది మిల్లు పెట్టుకున్న పేరు.

ఊరి పేరును ఆ ఊరి పనివాళ్ల ఉమ్మడి ఆస్తిగా కాపాడే దారి 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టంలో ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కూ కరీంనగర్ వెండి తీగ పనికీ ఆ గుర్తింపు దక్కింది. ఆ హద్దులో తయారు కాని సరుకును ఆ పేరు పెట్టి అమ్మితే చట్టం ఒప్పుకోదు.