కదపని కీలు బిగుసుకుపోతుంది
పక్షవాతం వచ్చినవారికి ఇంట్లో చేయించవలసిన వ్యాయామాలు



పక్షవాతం వచ్చిన మనిషిని డిశ్చార్జి చేసేటప్పుడు మందుల చీటీ అందరూ జాగ్రత్తగా దాచుకుంటారు. కాలుచేతులు ఎలా కదిలించాలో మేము చూపించేటప్పుడు మాత్రం, బస్సుకు టైమైందని తొందరపడతారు. పుంగనూరు వైపు పల్లె నుండి వచ్చిన ఒక పెద్దాయన విషయంలో అదే జరిగింది. రెండు నెలల తరువాత మళ్లీ తీసుకొని వచ్చారు. బి.పి. బాగానే ఉంది, మాత్రలు తప్పలేదు. కాని పడిపోయిన చెయ్యి చొక్కాలో దూరడం లేదు. భుజం బిగుసుకుపోయింది. పిడికిలి మూసుకొని గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి.

"నొప్పి అంటాడని మేం అంటుకోలేదు సిస్టరమ్మా" అంది ఆయన భార్య. ప్రేమకొద్దీ చేసిన పని, ఆమెను ఏమనగలం?

జబ్బు మనిషిని కదిలించకూడదు అనే నమ్మకం మన ప్రాంతంలో గట్టిగా ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం మొదలైనప్పుడు ఆ జబ్బుకు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారమే వైద్యం. ఆనాడు దానికి అది సరిపోయింది. పక్షవాతానికి సరిపోదు. కదలిక లేకపోతే కీలు చుట్టూ ఉన్న కండరాలు కొన్ని వారాలలోనే కురచబడి బిగుస్తాయి. తరువాత చేతికి బలం తిరిగి వచ్చినా, బిగిసిన కీలు దానిని పని చేయనివ్వదు.

మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొని వచ్చారు. ఇంట్లో నలుగురు అక్కర లేదు. ఒక్కరు రోజుకు రెండు పూటలు, పూటకు పావుగంట ఇస్తే చాలు. డాక్టరుగారు సరే అన్న రోజు నుండే మొదలుపెట్టండి.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, పడిపోయిన చేతివైపు కూర్చోండి. మీ ఒక చెయ్యి అతని మోచేతి కింద, రెండవది మణికట్టు దగ్గర ఉండాలి. బొటనవేలు పైకి ఉండేలా చేతిని నెమ్మదిగా ముందుకు లేపండి. మేము చూపించేవరకు భుజం ఎత్తు దాటించవద్దు. తరువాత పక్కకు చాపండి. మోచెయ్యి మడిచి చాపండి. మణికట్టు వంచండి, వేళ్లు ఒక్కొక్కటిగా తెరవండి. బొటనవేలు చాలామంది మరచిపోతారు. ఒక్కొక్క కదలిక పదిసార్లు. కొద్దిగా లాగినట్లుంటే ఫరవాలేదు, రోగి ముఖం ముడుచుకుంటే ఆపాలి. తెలివిగా ఉన్న రోగి తన మంచి చేతితో పడిపోయిన చేతిని పట్టుకొని తానే లేపడం ఇంకా మంచిది.

ఒక్క మాట. మంచం మీద నుండి గాని, బస్సు ఎక్కించేటప్పుడు గాని, ఆ చెయ్యి పట్టి లాగవద్దు. చంకలో చేతులు వేసి ఎత్తవద్దు. పట్టు తప్పిన భుజం గూడు నుండి జారిపోతుంది. నడుముకు గట్టి టవలు చుట్టి దానిని పట్టుకోండి.

కాలికి, మోకాలి కింద ఒక చెయ్యి, మడమ కింద ఒక చెయ్యి పెట్టి పొట్టవైపు మడిచి చాపండి, పక్కకు జరిపి తిరిగి తీసుకురండి. పాదం సంగతి మరీ ముఖ్యం. మడమను అరచేతిలో పట్టుకొని, అరికాలిని మీ ముంజేతికి ఆనించి, వేళ్లు రోగి ముఖంవైపు వచ్చేలా నెట్టి ముప్పై లెక్కపెట్టండి. ఇది చేయకపోతే పాదం కిందికి వాలిపోయి, నడిచే రోజు వచ్చినప్పుడు వేళ్లు నేలకు ఈడుస్తాయి.

వేడినూనె, ఉప్పు కాపడం వద్దు. స్పర్శ తెలియని చర్మం కాలి బొబ్బలెక్కినా రోగికి తెలియదు. పిక్క వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే మర్దన చేయకుండా, వ్యాయామం ఆపి వెంటనే ఆస్పత్రికి రండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

వేళ కుదరదు అంటారు. కుప్పం వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్లలో ఆకు వేసే వేళ ఎవరూ మరచిపోరు. ఉదయం ఆకు వేయగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి అని పెట్టుకోండి. రెండు గంటలకొకసారి పక్క మార్చడం దీనికి వేరే.

ఎముక విరిగినవారికీ ఇదే వర్తిస్తుంది. పుత్తూరు కట్టు అయినా, ఆస్పత్రి పిండికట్టు అయినా, కట్టు బయట ఉన్న వేళ్లను రోజూ ఆడించాలి. వేళ్లు నీలంగా మారినా, మొద్దుబారినా తెల్లవారేదాకా ఆగవద్దు.

మళ్లీ చూపించడానికి వచ్చేటప్పుడు, ఇంట్లో రోగిని చూసుకునే మనిషినే వెంట తీసుకొని రండి. మీ చేతులతో మా ముందు ఒకసారి చేసి చూపించి వెళ్లండి.