బండి యడుగు భాగమును తుప్పునుండి కాపాడుట



మీలో ననేకులు కళింగపట్నము, భీమునిపట్నము మొదలగు తీరగ్రామములను చూచియుందురు. వెనుకటి దినములలో జాలరులు వేటనుండి తిరిగివచ్చిన పిమ్మట తెప్ప కట్లు విప్పి, దుంగలను ఇసుకపై ఆరబెట్టెడివారు. నీరు పీల్చిన దుంగ బరువెక్కును, ఆరనిది క్రుళ్లును. నేడు ఫైబరు పడవలు తెప్పల స్థానమును చాలవరకు ఆక్రమించినవి. అయినను ఆ జాలరుల పాఠము పాతబడలేదు. అడుగును ఆరనిచ్చి, కన్నులార చూచుకొనవలెననునదే ఆ పాఠము. దీనిని చేతితో కూర్చిన మోటారు బండికి అన్వయించి చూతము.

కొన్ని దేశములలో కారు విడిభాగములను కొని ఇంటియొద్దనే కూర్చుకొను వాడుక కలదు. అట్టిది కిట్టు కారు. ఇంగ్లాండులో లోటస్ సంస్థ 1957లో 'సెవెన్' అను కారును ఈ విధముగా అమ్మజూపెను. సిద్ధమైన కారుపై నుండిన కొనుగోలు పన్ను విడిభాగములపై లేకుండుటయే అందులకు ముఖ్య కారణము. మన దేశమున 2007 నుండి జరుగుచున్న బాహా పోటీలకై ఇంజనీరింగు విద్యార్థులు ఇనుప గొట్టములను అతికి బండ్లను నిర్మించుచున్నారు. ఇట్టి బండ్లను ప్రభుత్వపు ఆమోదమును, రిజిస్ట్రేషనును లేక బాటపై నడుపరాదు.

కర్మాగారమున కారు పంజరమును ప్రైమరు తొట్టిలో ముంచి, విద్యుచ్ఛక్తి సాయమున మూలమూలలకును పూత పట్టింతురు. ఇంట కూర్చిన బండికి అట్టి స్నానము లేదు. కావున కట్టినవాని చేయియే ఆ పని చేయవలెను.

తుప్పు ఎట్లు పుట్టును? మూడు మేకులను తీసికొనుడు. ఒకదానిని పొడిసున్నము గల సీసాలో నుంచి మూత బిగింపుడు. రెండవదానిని కాచి చల్లార్చిన నీటిలో ముంచి, పైన నూనె పోయుడు. మూడవదానిని ఉప్పునీటిలో సగము మునుగునట్లుంచుడు. వారము గడచిన పిమ్మట చూడుడు. మొదటిదానికి గాలి కలదు, తడి లేదు. రెండవదానికి తడి కలదు, గాలి లేదు. అవి రెండును దాదాపు చెడవు. మూడవది ఎఱ్ఱబారును. గాలిలోని ప్రాణవాయువును నీరును కలిసినగాని తుప్పు పుట్టదు. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు సులభముగా ప్రవహించును గనుక ఆ పని త్వరితమగును.

నౌపడ ఉప్పుమళ్ల గాలి తగులు మన తీరమున ఈ భయము అధికము. ఉప్పు గాలిలోని తేమను కూడ లాగుకొనును. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వంటి తుపానులు వచ్చినపుడు బండి అడుగుకు బురదయు ఉప్పునీరును తప్పవు.

ఇక నా యనుభవమొకటి చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట నా పూర్వ విద్యార్థి యొకడు పాత జీపు భాగములతో పొలమున తిరుగుటకు చిన్న బండిని కూర్చుకొనెను. చట్రముపై నప్పటికే యున్న తుప్పును గీకక, దానిపై తారును దళసరిగా పూసెను. అది నల్లగా, నున్నగా నుండుటచే నేనును మెచ్చుకొంటిని. రెండు వర్షాకాలములు గడచెను. ఒకనాడు కళ్లమునొద్ద బ్రేకు త్రొక్కగా పెడలు అడుగంటెను. బండి గడ్డికుప్పను గ్రుద్దుకొని నిలిచెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. అడుగున చూడగా, తారు బెరడువలె ఊడివచ్చెను. దాని క్రింద తడి తుప్పుండెను. చట్రము వెంబడి పోవు బ్రేకు గొట్టమునకు చిల్లి పడియుండెను. పగులులో జొచ్చిన నీరు వెలికి వచ్చు త్రోవ లేక యచటనే నిలిచినది. నేను మెచ్చిన నలుపే ఆ హానిని దాచెను. క్రిందికి వంగి చూడక మెచ్చుట నా తప్పు.

కావున క్రమమును గుర్తుంచుకొనుడు. మొదట బండిని సమనేలపై నిలిపి, గట్టి స్టాండులపై నుంచుడు. జాకీ నొక్కదానిని నమ్మి క్రింద దూరరాదు. మంచినీటితో ఉప్పును బురదను కడిగి, పూర్తిగా ఆరనీయుడు. వైరు బ్రష్షుతోను, గరుకు కాగితముతోను తుప్పును తీసి, ఇనుము మెరయువరకు రుద్దుడు. థిన్నరుతో జిడ్డు తుడిచి, ప్రైమరు పూయుడు. అతుకుల సందులను మూసి, తరువాత పైపూత వేయుడు. చట్రపు డొల్లలలో మైనపు పూత చిమ్ముడు. నీరు కారు రంధ్రములను మాత్రము మూయకుడు. సైలెన్సరుకు, బ్రేకు డిస్కులకు, రబ్బరు గొట్టములకు పూత తగులనీయరాదు.

ప్రైమరులలో జింకు కలిసినది మేలైనది. 1824లో సర్ హంఫ్రీ డేవీ, ఓడల అడుగున గల రాగిరేకులకు జింకు ముక్కలను తాకించినచో రాగి చెడదని చూపెను. జింకు తాను కరగి తోడిలోహమును కాపాడును. అయితే అది లోహమును తాకవలెను; తుప్పుపై పూసిన జింకు ఇనుమును తాకదు. కనుక ఎంత వెలగల పూతయైనను రుద్దుటకు బదులు కానేరదు.

ప్రతి వర్షాకాలమునకు ముందును పిమ్మటను క్రింద పరుండి, దీపము పట్టి చూడుడు. పూత ఉబ్బినచోట గీకి, మరల పూయుడు. బండి పైభాగమును లోకము చూచును; అడుగును యజమానుడే చూడవలెను. నమ్మి ఎక్కినవారి ప్రాణము ఆ కనబడని చోటనే ఆధారపడి యున్నది.