వెండి కొనేముందు లెక్క వేద్దాం

మన ఊళ్ళలో వెండి సోకు కోసం మాత్రమే కాదు. ఇంట్లో జబ్బు చేసినా, విత్తనాలకు డబ్బు లేకపోయినా కడియాలే తాకట్టుకు పోతాయి. అందుకే కొనేటప్పుడే చూసుకోవాలి.

925 అంటే ఏమిటి?
స్వచ్ఛమైన వెండి మెత్తన. నగ వంగిపోతది. అందుకని రాగి కలుపుతారు. 1000 పాళ్ళలో 925 పాళ్ళు వెండి ఉంటే అది 925 వెండి.
200 గ్రాముల కడియాల్లో:
925 అయితే వెండి 185 గ్రాములు.
800 అయితే 160 గ్రాములు.
చూడ్డానికి రెండూ ఒకటే. తేడా 25 గ్రాములు!

జర్మన్ సిల్వర్
దీనిలో వెండి అసలు లేదు. రాగి, నికెల్, జింకు ఉంటాయి. అయస్కాంతానికి అంటుకోకపోతే వెండే అనుకోవద్దు, ఇది కూడా సాధారణంగా అంటుకోదు. నల్లబడితే దొంగ వెండి అనడం కూడా తప్పు. గాలిలోని గంధకం వల్ల మంచి వెండి కూడా నల్లబడుతుంది.

చేతిపని
కరీంనగర్ వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెండిని కమ్మచ్చులో లాగి సన్నని తీగ తీస్తారు. తీగలను మెలిపెట్టి, లావు తీగతో కట్టిన చట్రంలో పువ్వులుగా, ఆకులుగా అమర్చి అతుకుతారు. అంత పనికి మజూరి ఎక్కువే, అది న్యాయం. కానీ తిరిగి అమ్మితే మామూలుగా వెండికే ధర కడతారు, మజూరి రాదు. కష్టకాలం కోసం కొనేవాళ్ళు పని తక్కువున్న నగ కొనడం మేలు.

కొనేటప్పుడు
1. బరువు మన కళ్ళముందే తూయించాలి.
2. బిల్లులో బరువు, శుద్ధి, మజూరి, తరుగు విడివిడిగా రాయించాలి.
3. 925 అని అంకె కొట్టి ఉంటే చాలదు. హాల్‌మార్క్‌లో త్రికోణపు బి.ఐ.ఎస్. గుర్తు ఉండాలి. 2025 సెప్టెంబరు 1 నుండి వేసే హాల్‌మార్క్‌లో 6 అక్షరాలు, అంకెల నంబరు కూడా ఉంటుంది. దాన్ని బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో వేసి చూడొచ్చు. వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి చేయలేదు కాబట్టి మనమే అడగాలి.

మన ల్యాబులో పరీక్ష
కొలజాడీలో నీళ్ళు పోసి పట్టీలు మెల్లగా ముంచండి. 104 గ్రాముల 925 వెండికి నీళ్ళు సుమారు 10 మి.లీ. పెరుగుతాయి. అంతే బరువు జర్మన్ సిల్వర్‌కు సుమారు 12 మి.లీ. పెరుగుతాయి. లోపల బోలుగా ఉన్న, లక్క నింపిన నగలకు ఈ పరీక్ష పనికిరాదు.

ప్రశ్న: 208 గ్రాముల గొలుసు ముంచితే నీళ్ళు 24 మి.లీ. పెరిగాయి. అది 925 వెండేనా? లెక్క చేసి కింద ఖాళీలో రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని