ముట్లుడిగాక మళ్ళీ కడుపునొప్పా? అశ్రద్ధ చేయకండి



కాన్పులయ్యాయి, కుటుంబ నియంత్రణ ఆపరేషనూ అయింది, ముట్లూ ఆగిపోయాయి. ఇక ఆడవారి జబ్బులేవీ రావని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు.

ఏమిటీ జబ్బు?

గర్భసంచి లోపల ఒక పొర ఉంటుంది. నెలనెలా ముట్టులో రాలిపోయేది అదే. కొందరిలో ఇలాంటి పొర గర్భసంచి బయట, అండాశయాల మీద, పేగుల మీద కూడా పెరుగుతుంది. దీన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. ముట్టులో భరించలేని నొప్పి, కలయికలో నొప్పి, పిల్లలు కలగకపోవడం దీని లక్షణాలు.

ముట్లుడిగాక ఏమవుతుంది?

ఏడాదిపాటు ముట్టు రాకపోతే ముట్లుడిగినట్టు. అప్పుడు హార్మోన్లు తగ్గి, ఈ పొర సాధారణంగా అణిగిపోతుంది. కొద్దిమందిలో మాత్రం మిగిలిపోతుంది. అరుదుగా కాన్సరుగా మారుతుంది, ఎక్కువగా అండాశయంలో. అమెరికా డాక్టరు జాన్ శాంప్సన్ 1925లోనే ఈ సంగతి వివరించారు. భయపడకండి. ఈ జబ్బున్న నూరుమందిలో జీవితకాలంలో అండాశయ కాన్సరు వచ్చేది సుమారు ఇద్దరికే.

గర్భసంచి తీసేస్తే ఇక రాదా?

అలా అనుకోకండి. అండాశయాలు, బయట పెరిగిన పొర లోపలే మిగిలి ఉండవచ్చు.

కుటుంబ నియంత్రణ ఆపరేషను వల్ల వస్తుందా?

రాదు. పైగా ఆ ఆపరేషను చేయించుకున్న స్త్రీలలో అండాశయ కాన్సరు కొంత తక్కువని పరిశోధనల్లో తేలింది.

ఈ గుర్తులు కనబడితే వెంటనే చూపించుకోండి

1. ముట్లుడిగాక రక్తం కనబడడం, ఒక్క చుక్క అయినా సరే.
2. పొత్తికడుపులో నొప్పి లేక గడ్డ.
3. తగ్గని కడుపుబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండినట్టుండడం.

వీటికి వేరే కారణాలూ ఉండవచ్చు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

ఏం చేయాలి?

ముందు నర్సమ్మకు చెప్పండి. డాక్టరుగారు పరీక్షించి, అవసరమైతే స్కానింగుకు పెద్దాసుపత్రికి పంపుతారు. పాత నొప్పి సంగతి దాచకుండా చెప్పండి, పాత ఆపరేషను కాగితాలు చూపండి. ఒళ్ళు వేడి ఆవిర్లకు హార్మోను మాత్రలు వాడేముందు కూడా ఈ సంగతి చెప్పాలి.

అయ్యా, మీ ఇల్లాలు సిగ్గుపడి చెప్పకపోవచ్చు. మీరే అడగండి, వెంటబెట్టుకుని తీసుకురండి. కాన్సరు తొలిదశలో పట్టుబడితే, ఆపరేషనుతో నయమయ్యే అవకాశం ఎక్కువ.

దాచుకున్న జబ్బు ముదురుతుంది. ముందే చూపితే ప్రాణం దక్కుతుంది.