గాలికి దారి

కంప్యూటరు తీసుకొనే విద్యుచ్ఛక్తి దాదాపు అంతా చివరకు ఉష్ణంగానే మారుతుంది. ఆ ఉష్ణం వెలుపలికి పోకపోతే ప్రాసెసర్ ఆత్మరక్షణార్థం మొదట తన వేగాన్ని తగ్గించుకొంటుంది. అప్పటికీ తాపం తీరకపోతే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది.

ఈ సంగతి నాకు అనుభవపూర్వకంగా తెలిసింది. ఒక మే నెల మధ్యాహ్నం, తాళపత్ర ప్రతిలోని పాఠభేదాలను కంప్యూటరులోకి ఎక్కిస్తూ ఉండగా తెర ఒక్కసారిగా నల్లబడింది. భద్రపరచని రెండు గంటల శ్రమ వ్యర్థమైపోయింది. మరునాడే అదనపు ఫ్యాను కొనితెచ్చి క్యాబినెట్ వెనుక బిగించాను. రొద పెరిగిందే కాని యంత్రం ఆగిపోవడం మానలేదు. ఇంటర్మీడియట్ చదువుతున్న పొరుగింటి అబ్బాయి వచ్చి, ఒక కాగితపు ముక్కను ఫ్యాను దగ్గర పట్టుకొని చూసి, "మాస్టారూ, ఇది గాలిని లోపలికి తోస్తోందండీ!" అన్నాడు. ముందున్న ఫ్యానూ లోపలికే, వెనుకదీ లోపలికే! వేడిగాలికి నేనే వాకిలి మూశాను.

ఫ్యాను చల్లదనాన్ని సృష్టించదు. లోపలి వేడిగాలిని పంపి, గదిలోని గాలిని దాని స్థానంలోకి తెస్తుంది. రెంటచింతల వంటి చోట వేసవిలో గది వేడి 42 డిగ్రీలుంటే, ఎన్ని ఫ్యాన్లు బిగించినా యంత్రం అంతకంటె చల్లబడదు. కనుక సంఖ్యకన్న దారి ముఖ్యం. సాధారణంగా ముందు ఫ్యాను గాలిని లోపలికి తీసుకోవాలి, వెనుకది బయటికి పంపాలి. మోటారును పట్టి ఉంచే కమ్మీలు ఏ వైపున ఉంటాయో ఆ వైపునకే గాలి వెడలుతుంది.

ఇక అనుసంధానం. మొదట కరెంటు ప్లగ్గును ఊడదీయాలి. మూడు తీగల ఫ్యానులో ఒకటి భూతీగ, రెండవది 12 వోల్టులది, మూడవది వేగాన్ని మదర్‌బోర్డుకు నివేదించేది. రెక్కలు ఒక చుట్టు తిరిగితే ఈ మూడవ తీగ రెండు స్పందనలు పంపుతుంది. అంటే నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఫ్యాను క్షణానికి 40 స్పందనలు పంపుతుందన్నమాట. ఈ రకం ఫ్యాను వేగం తగ్గాలంటే వోల్టేజిని తగ్గించాలి.

నాలుగు తీగల ఫ్యానులో 12 వోల్టులు మారవు. నాలుగవ తీగపై క్షణానికి సుమారు 25,000 సార్లు సంకేతం వెలిగి ఆరుతుంది. ఆవృత్తి మారదు, ఒక్కొక్క ఆవృత్తిలో వెలిగి ఉండే భాగం పెరిగితే వేగం పెరుగుతుంది. మాత్రల సంఖ్య మారకుండా గురులఘువుల పాలు మారినట్లని నాకు తోచింది. (ఛందస్సు చెప్పేవాడికి అన్నీ ఛందస్సుగానే కనిపిస్తాయి!)

బయోస్‌లో వేడిని బట్టి వేగాన్ని నిర్ణయించుకోవచ్చు. ఉదాహరణకు 40 డిగ్రీల వద్ద 30 శాతం, 70 డిగ్రీల వద్ద పూర్తి వేగం. మూడు తీగల ఫ్యానయితే అక్కడ వోల్టేజి పద్ధతినే ఎంచుకోవాలి. లేకుంటే అది ఎల్లవేళలా పూర్తి వేగంతో తిరుగుతుంది.

పెక్కుమంది పొరపాటు పడేది స్ప్లిటర్ వైరు దగ్గర. మదర్‌బోర్డు మీది ఒక్కొక్క పిన్నుల వరుస సాధారణంగా ఒక ఆంపియరు మాత్రమే భరించగలదు; కచ్చితమైన అంకె బోర్డుతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. ఫ్యాను మీద 0.25 ఆంపియర్లని ఉంటే మూడింటిని తగిలించవచ్చు. తిరగడం మొదలుపెట్టేటప్పుడు మోటారు మరికొంత ఎక్కువ తీసుకొంటుంది కనుక నాలుగవది వద్దు. ఇంకా కావలసివస్తే ఎస్.ఎం.పి.ఎస్. నుంచి నేరుగా విద్యుత్తు అందుకొనే హబ్ వాడాలి.

ఆ అబ్బాయి అన్నీ సరిచేసి వెళ్లాక, తెరమీద ఒకే ఫ్యాను వేగం కనిపించి నేను కంగారుపడ్డాను. స్ప్లిటర్‌లో ఒక కొసకే నివేదిక తీగ ఉంటుందనీ, రెండవ ఫ్యాను ఆగిపోయినా బోర్డుకు తెలియదనీ అతడే మళ్లీ వచ్చి చెప్పాడు. నాటినుంచి నెలకొకసారి పక్క పలక తీసి, రెండూ తిరుగుతున్నాయో లేదో కళ్లారా చూసుకొంటున్నాను.