తోటి సీసీలతో కూర్చో

అమ్మడూ,

కొత్త మండలంలో మహిళా సంఘాల సీసీ (క్లస్టర్ కోఆర్డినేటర్)గా కుదురుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ‘మీటింగులకు కొదవ లేదు గానీ మనసు విప్పి మాట్లాడేందుకు ఒక్కరూ లేరు’ అన్నావట. అది విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

మీ పై అధికారి ఏపీఎం సమీక్షలో రికవరీ ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత అని అడుగుతారు. అడగాల్సిందే. కానీ కిస్తీ కట్టలేని మనిషి సంఘానికి రావడం మానేస్తే ఆమె ఇంటి గడప ఎవరు తొక్కాలి, ఏమని పలకరించాలి? లీడరు మినిట్స్ పుస్తకం ఇవ్వనని భీష్మించుకుంటే ఏం చేయాలి? ఇలాంటివి పై అధికారి ముందు నోటికి రావు. అదే పనిలో నలిగేవాళ్ళ దగ్గరే వస్తాయి.

నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమం గురించి నువ్వు వినే ఉంటావు. ఆ జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగిన సంగతిని తర్వాతి వాచకంలో పాఠంగా వేశారు. అది చదివిన ఊళ్ళు వాళ్ళకు చేతనైంది మనకు చేతకాదా అనుకున్నాయి. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒక ఊరి అనుభవం ఇంకో ఊరికి చేరితే ఎంత బలం వస్తుందో చూడు.

2000లో పేదరిక నిర్మూలన పథకం వెలుగు మొదలయ్యాక సీఆర్పీలు (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు) చేసిందీ అదే. పేదరికం నుంచి సంఘం చేయి పట్టుకుని పైకొచ్చిన ఆడవాళ్ళు తెలియని ఊరికి వెళ్ళి, అక్కడే బస చేసి, చాప మీద కూర్చుని తమ పాసుపుస్తకం తెరిచి చూపేవారు. తొలి అప్పు ఎంత, దేనికి వాడింది, ఏ నెల కిస్తీ తప్పింది, అప్పుడు సంఘం ఏమంది, అన్నీ చెప్పేవారు. తప్పిన కిస్తీ గురించి చెప్పినప్పుడే ఎదుటివాళ్ళకు నమ్మకం కుదిరేది. హిందీ అంతంతమాత్రమే వచ్చినా బీహార్ దాకా వెళ్ళి అక్కడి జీవిక పథకం సంఘాలకు సంఘం నడిపే పంచసూత్రాలు నేర్పిందీ ఇలాంటివాళ్ళే. ఎంత చదివినవాళ్ళమైనా మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఈ పద్ధతి.

అందుకని చుట్టుపక్కల మండలాల సీసీలు నలుగురైదుగురు నెలకోసారి కలవండి. వాట్సాప్ గ్రూపు ఉందిగా అంటావేమో. అందులో ఫొటోలు, ఫార్మాట్లు తిరుగుతాయి, మనసులో మాట తిరగదు. సమావేశానికొకరు తమకు కొరుకుడు పడని ఒక్క సమస్య తీసుకురండి. మిగతావాళ్ళు ముందు ప్రశ్నలు అడగాలి, సలహా ఆ తర్వాతే. అప్పుల్లో ఉన్న ఆడవాళ్ళ పేర్లు మాత్రం అక్కడ రాకూడదు, ఈ కట్టుబాటు మొదటి రోజే పెట్టుకోండి. గ్రామ సంఘాల్లో పనిచేసే, అనుభవమున్న వీఓఏలను తప్పకుండా పిలవండి. ఊరి నాడి వాళ్ళకు తెలిసినంతగా మనకు తెలియదు.

ఎవరో పిలుస్తారని ఎదురు చూడకు. నువ్వే ఫోన్ చేసి వచ్చే నెల తేదీ ఖాయం చెయ్యి. ఎవరెవరు వచ్చారో, ఏం మాట్లాడుకున్నారో నాకు రాయి.

నీ పెద్దమ్మ